మిట్టు ఎడమ భుజం

టోపీ మనిషి మళ్ళీ వచ్చాడు. రోడ్డుకు అవతల చెరుకురసం బండి పక్కన, నిన్న నిలబడ్డ చోటే నిలబడ్డాడు. యశోద చేతిలోని వెదురు బద్దను వంచుతూనే కంటికొసతో గమనించింది. అతను రసం తాగడు. బస్సు కోసం చూడడు. చర్చి చూడ్డానికి వచ్చినవాడైతే ఒక్కసారైనా తలెత్తి గోపురం వైపు చూడాలి కదా, అదీ చూడడు. అతని చూపంతా ఆమె దుకాణం ముందు తీగకు వేలాడుతున్న మిట్టుల మీదే.

డిసెంబరు వచ్చిందంటే మెదక్ చర్చి రోడ్డుకు రెండు వైపులా పరదాలు కట్టిన దుకాణాలు లేస్తాయి. వాటిలో మెకానిక్ షెడ్డు గోడకు ఆనుకొని ఉండేది యశోద వాళ్ళది. ఏడాదంతా గంపలు, చాటలు, తడికెలు అల్లే మేదరి ఇల్లు వాళ్ళది. ఈ ఒక్క నెలా వెదురుతో క్రిస్మస్ స్టార్లు కడతారు. ఆమె అత్త ఐలవ్వ కట్టిన స్టారు ఎంత గాలికైనా మూల విరగదని పేరు. ఈ నెల అమ్మకం బాగుంటేనే వచ్చే ఏడాదికి వెదురు దిగుతుంది. లేకపోతే లేదు.

ఈసారి స్టార్ల పక్కన మిట్టులు కూడా వేలాడుతున్నాయి. మిట్టు అంటే పోయిన ఎండాకాలం వచ్చిన సినిమాలోని రోబో. ఎక్కడో వేరే గ్రహం మీద డేరాలకు నీళ్ళు మోసే పాత యంత్రం. డబ్బాలాంటి ఒళ్ళు, గుండ్రటి తల, రెండు నీలం కళ్ళు. గాలిదుమారంలో డేరాలు కూలిపోతే, చిక్కుకున్న చిన్నపిల్లను వీపున వేసుకొని, లోపల కరెంటు అయిపోతున్నా "ఉన్నా, ఉన్నా" అనుకుంటూ నడిచి వస్తుంది. ఆ నడక చూసి ఏడవని పిల్లలు ఊళ్ళో లేరు. బడి సంచి మీద మిట్టు, నీళ్ళ సీసా మీద మిట్టు, పుట్టినరోజు కేకు మీద మిట్టు. పక్క దుకాణం నగేష్ ప్లాస్టిక్ మిట్టులు అమ్ముతాడు. పొట్ట నొక్కితే అవీ "ఉన్నా, ఉన్నా" అంటాయి. స్టారులో బల్బు పెట్టగా లేనిది మిట్టులో ఎందుకు పెట్టకూడదని యశోదకు తోచింది. వెదురు చట్రం, మీద వెండిరంగు కాగితం, కళ్ళకు నీలం కాగితం. చీకటి పడగానే లోపల దీపం వెలిగితే మిట్టు నిజంగానే కళ్ళు తెరిచినట్టు ఉంటుంది.

అయితే వాటిలో ఒక లోపం వచ్చిపడింది. ఈసారి వానలు వెనకబడి వెదురు ఆలస్యంగా దిగింది. చీరిన బద్దలు నీడకు ఆరాలి. ఆరకముందే చట్రం కడితే, ఆరేకొద్దీ ముడి బిగువుగా ఉన్న వైపుకు ఒళ్ళంతా లాగుతుంది. ఐలవ్వది ఎడమచేతి వాటం. ఆమె మొదటి ముడి ఎప్పుడూ ఎడమ వైపే పడుతుంది, అది పట్టుకారుతో కూడా ఊడదు. దాంతో కట్టిన మిట్టులన్నిటికీ ఎడమ భుజం కిందికి దిగిపోయింది. విప్పి మళ్ళీ కడదామని యశోద అంది. అంత తీరిక ఎక్కడుందని ఐలవ్వ కసిరింది. తీరా తీగకు కట్టాక, పిల్లలు ప్లాస్టిక్ మిట్టులను వదిలేసి వీటి కిందికే వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. అచ్చం సినిమాలోదే అన్నారు. ఎందుకన్నారో యశోదకు అర్థం కాలేదు. అమ్ముడు పోతున్నాయి, అంతే చాలనుకుంది.

ఆమె మొగుడు బిక్షపతి పాపన్నపేట దారిలో షేరింగు ఆటో నడుపుతాడు. ఆటోలో ఊళ్ళ కబుర్లన్నీ ఎక్కి దిగుతాయి. వేరే జిల్లాలో ఎక్కడో మిట్టు బొమ్మ ఉన్న బడి సంచులను సినిమా కంపెనీవాళ్ళు పోలీసులతో వచ్చి మొత్తం ఎత్తుకుపోయారని ఒక ప్రయాణికుడు చెప్పాడట. ముందు ఒక మనిషి కొనేవాడిలా వస్తాడట. ఫోటోలు తీసుకుంటాడు, ఎవరు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు అని అడుగుతాడు, పోతాడు. తరవాత జీపు వస్తుంది. బిక్షపతి ఇది నవ్వుతూ చెప్పాడు గానీ యశోదకు నవ్వు రాలేదు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. బీకాంలో ట్రేడ్‌మార్కుల చట్టం మీద ఒక పాఠం ఉండేది. అప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టిన పాఠం ఇప్పుడు వేలాడుతున్న ఒక్కో మిట్టును చూసినప్పుడల్లా గుర్తొస్తోంది.

అందుకే టోపీ మనిషి జేబులోంచి ఫోను తీసి దుకాణం వైపు ఎత్తినప్పుడు, ఆమె చేతిలోని బద్ద టప్పున విరిగింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక అతను రోడ్డు దాటి వచ్చాడు. పొట్టిగా, బక్కగా ఉన్నాడు. టోపీని కనుబొమల దాకా లాక్కున్నాడు. ఇవి మీరే కడతారా అమ్మా అని మెల్లగా అడిగాడు.

లేదు, కొనుక్కొచ్చి అమ్ముతాం అంది యశోద.

ఆమె వెనక, కాలి వేళ్ళ మధ్య వెదురు ఇరికించుకొని ఐలవ్వ సర్రుసర్రున చీరుతూనే ఉంది. ఆమె చుట్టూ పొట్టు, ఈనెలు, జిగురు గిన్నె, తల ఇంకా పెట్టని ఒక మిట్టు చట్రం. టోపీ మనిషి వాటన్నిటినీ ఒకటొకటిగా చూశాడు. ఏమీ అనలేదు. ఎక్కడి నుంచి తెస్తారని అడిగాడు. ఒకాయన తెచ్చి వేసిపోతాడు, పేరు తెలియదు అంది యశోద. ఐలవ్వ చీరడం ఆపి నోరు తెరిచింది.

"ఆమెకు చెవులు వినవడవు సార్," అని యశోద తొందరగా అడ్డుపడింది.

ఐలవ్వ కోడలి వీపు వైపు ఒక చూపు చూసి, మళ్ళీ కత్తి పట్టుకుంది.

అతను తీగకున్న ఒక మిట్టును రెండు చేతులతో పట్టుకొని తన వైపు తిప్పుకున్నాడు. కళ్ళు చూడలేదు, కాగితం చూడలేదు. ఎడమ భుజం మీద బొటనవేలు పెట్టి, అది దిగిన చోటి నుంచి మెడ దాకా నెమ్మదిగా నిమిరాడు. వైద్యుడు విరిగిన ఎముకను తడిమి చూసినట్టుంది ఆ తడమడం.

"ఈ బుజం గిట్ల దించుమని మీకెవలు చెప్పిన్రు?"

 బిక్షపతి చెప్పిన మాటే ఇది. ఎవరు చెప్పారు, ఎవరు చూపించారు. మాకేం తెలుసు, వచ్చినవి వచ్చినట్టు అమ్ముతాం అని యశోద ఏదో అంది. అతను ఇంకా కదలలేదు. కాగితం వేయని ఉత్త చట్రం ఒకటి ఇస్తారా అని అడిగాడు. ఎంతైనా సరే అన్నాడు. బేరం ఆడకుండా, బొమ్మ కాకుండా, బొమ్మ లోపలి పుల్లలు కావాలని అడిగేవాడు కొనేవాడా? కోర్టులో బల్ల మీద పెట్టి చూపడానికి కాకపోతే ఆ పుల్లలెందుకు?

అట్లా అమ్మం అని చెప్పి, ఆమె లేని పనిని కల్పించుకొని లోపలికి వంగింది. అతను వెళ్ళిపోయాడు. నడిచేటప్పుడు కాస్త ఒక పక్కకు ఒరుగుతాడని అప్పుడు చూసింది. చేతిలో సంచీ కూడా లేదు. ఎందుకు ఒరుగుతున్నాడో అనుకుంది, మరిచిపోయింది.

సాయంత్రం నగేష్ వచ్చి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. అతని ప్లాస్టిక్ మిట్టులూ అసలువి కావు. డబ్బా మీద అక్షరాలే తప్పుగా ఉంటాయి. కాబట్టి ఆ భయం అతనిది కూడా.

"గాయన కంపెనీ మనిషే వదినా. ఇంకేం జూస్తవ్. నా తాన ఒక బొమ్మ కొని, ఇంటికి గూడ తీస్కపోకుంట గాడనే నిలబడి దాని బుజాలు జూసిండు. చూసి మల్ల నాకే ఇచ్చిండు. కొన్న బొమ్మను ఎవడన్న వాపస్ ఇస్తడా?"

అతని మొహం చూశావా అని యశోద అడిగింది. టోపీ తీస్తే కదా అన్నాడు నగేష్. ఇంతలో బిక్షపతి ఆటో ఆపి వచ్చి, చాలా తేలికైన ఉపాయం చెప్పాడు. మిట్టుకు మీసం పెడితే అది మిట్టు కాకుండా పోతుంది కదా, అప్పుడు ఏ కంపెనీ ఏం చేస్తుంది అన్నాడు. అతనే నల్ల కాగితం కత్తిరించి ఒకదానికి అంటించి ముందు వేలాడదీశాడు. తల్లి చంకలో వెళ్తున్న ఒక చిన్నపిల్ల దాన్ని ముందు తేరిపార చూసింది, తరవాత పెదవి విరిచింది, ఆ తరవాత రోడ్డంతా వినపడేలా ఏడ్చింది. తల్లి యశోద వైపు కోపంగా చూసి పోయింది. ఐలవ్వ మాత్రం కడుపు పట్టుకొని నవ్వింది. మీసం మిట్టును విప్పేశారు.

చివరికి అన్నిటినీ విప్పారు. మిట్టులను పరదా కింద పేర్చి, మీద తడికె కప్పి, ముందు స్టార్లు మాత్రమే ఉంచారు. మరునాడు పిల్లలు వచ్చి మిట్టులు ఏవని అడిగితే యశోద అయిపోయాయంది. ఆ అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ళ కళ్ళు పరదా వైపే పోతున్నట్టు అనిపించింది. అడిగినవాళ్ళు కొనకుండా ముందుకు పోతున్నారు. స్టార్లు అంతకన్నా మెరిసేవి, బ్యాటరీవి, నాలుగు దుకాణాల అవతల దొరుకుతున్నాయి. అయినా పోతే పోయింది, జీపు రాకుంటే అదే చాలు అనుకుంది. రోడ్డు మీద ఖాకీరంగు కనబడితే చాలు, చేయి ఆగిపోతోంది. కరెంటు బిల్లు మనిషి వచ్చి మెకానిక్ షెడ్డు మీటరు ఫోటో తీసుకున్నా, అతను ఏ దిక్కుకు పోతాడో చూసేదాకా కూర్చోలేదు.

టోపీ మనిషి ఆ రోజు ముందు వైపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని యశోద తరవాత చాలాసార్లు అనుకుంది.

షెడ్డు గోడకు, పరదాకు మధ్య ఒక సందు ఉంది. వెదురు బొంగులు అక్కడ నిలబెడతారు. ఎండ పొడ కోసం ఐలవ్వ మధ్యాహ్నాలు అక్కడే కూర్చొని బద్దలు చీరుతుంది. యశోద నీళ్ళ కోసం అటు తిరిగేసరికి అతను అత్త ఎదుట గొంతుక్కూర్చొని ఉన్నాడు. చేతిలో ఫోను. అది ఐలవ్వ చేతులకు దగ్గరగా, కత్తి పట్టుకున్న ఎడమచేతికి మరీ దగ్గరగా ఉంది. పక్కన తడికె తొలగి ఉంది. పరదా కిందినుంచి మిట్టు తల ఒకటి బయటికి చూస్తోంది.

యశోద పిలిచిన పిలుపుకు నగేష్ ఒక్క అంగలో వచ్చాడు. టోపీ మనిషి కాలరు పట్టుకొని రోడ్డు మీదికి లాక్కొచ్చాడు. నలుగురూ చేరారు. ముసలామెను ఫోటోలు తీస్తున్నాడని ఒకరు, దొంగ అని ఒకరు అన్నారు. ఐలవ్వ ఏదో చెప్తూ వెనకే వచ్చింది గానీ ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. అతను తిరగబడలేదు. ఊరికే టోపీని గట్టిగా పట్టుకున్నాడు. నగేష్ ఫోను లాక్కొని, తాళం తీయించి, యశోద చేతిలో పెట్టాడు.

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వే జూడు వదినా."

ఆమె వేలితో ఒక్కో ఫోటో జరిపింది. తన దుకాణం. తీగకు వేలాడే మిట్టులు. ఎడమ భుజం, ఇంకా దగ్గరగా ఎడమ భుజం. ఐలవ్వ చేతులు, ముడి, కత్తి. ఇంకా వెనక్కి పోతే వేరే ఊళ్ళ దుకాణాలు, అలమరాల్లో వరసగా ప్లాస్టిక్ మిట్టులు, గుడ్డ మిట్టులు, సబ్బు డబ్బా మిట్టు. అన్నీ భుజాల దగ్గరే తీసినవి.  ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఊరూరా తిరిగి రాసుకుంటున్నాడు.

అన్నిటికన్నా అడుగున ఒక పాత ఫోటో ఉంది. పెద్ద పెద్ద లైట్లు, ఆకుపచ్చ గుడ్డ కట్టిన గోడ. నడుమ ప్లాస్టిక్ కుర్చీలో మిట్టు కూర్చుంది. నిజం మిట్టు, సినిమాలోది. అయితే దానికి తల లేదు. తల ఒళ్ళో ఉంది. మెడ ఉండాల్సిన చోట ఒక మనిషి మొహం ఉంది. జుట్టు చెమటకు నుదుటికి అంటుకొని, మెడ చుట్టూ తడి తువాలుతో, ఎవరో నోటికి అందించిన గ్లాసులోంచి మజ్జిగ తాగుతూ, కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.

అయితే సినిమా తీసినవాళ్ళ దగ్గరి మనిషే. యశోదకు తోచింది అదొక్కటే. అన్నీ ఎంచుకొని తీసేసింది.

తీసేసినవి ఫోనులో ఇంకోచోట చెత్తబుట్టలా నిలవ ఉంటాయని నగేష్‌కు తెలియదు. యశోదకు తెలుసు. ఆమె అది తెరిచింది. అప్పుడు అతను మొదటిసారి చెయ్యి చాపాడు.

"అమ్మా, గదొక్కటి ఉండనియ్యుండ్రి. అడుగుది."

"ఏది? మా దుకాణాల మీదికి పోలీసులను తెచ్చేదా?" అన్నాడు నగేష్. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

యశోద ఆ బుట్ట కూడా ఖాళీ చేసింది. ఫోను అతని చేతికిచ్చింది. అతను దాన్ని చూసుకున్నాడు. వేలితో పైకి జరిపాడు, కిందికి జరిపాడు. తిట్టలేదు. కంపెనీ పేరు చెప్పి బెదిరించలేదు. మీ సంగతి చూస్తానని కూడా అనలేదు. చొక్కా జేబులో పెట్టుకొని, జేబు మీద అరచెయ్యి ఆనించుకొని, జనంలోంచి దారి చేసుకొని పోయాడు. తప్పు దొరికిపోయిన మనిషి పోయే తీరు అది కాదు. ఆ సంగతి యశోదకు ఒంట్లో ముల్లులా గుచ్చుకుంది గానీ, నగేష్ అందరికీ చాయ్ చెప్పాడు, గ్లాసు చేతికొచ్చింది.

ఐలవ్వ చాయ్ ముట్టలేదు. సందులో తన చోటుకు పోయి కూర్చుంది. ఏమైంది అత్తా అంటే పలకలేదు. మళ్ళీ అడిగితే, బద్ద మీదినుంచి కళ్ళు తీయకుండా అంది.

"నాకేం వినవడది గదా. నువ్వే చెప్తివి."

యశోద ఆమె ఎదుట, అతను కూర్చున్న చోటే కూర్చుంది. చెప్పమని బతిమాలింది. ఐలవ్వ ముందు ఒక బొంగు మొత్తం చీరింది. తరవాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. అతని పేరు గిడియోన్. శంకరంపేట దిక్కు మనిషి. చిన్నప్పటి నుంచి హైదరాబాద్‌లో సినిమాలకు పని చేస్తాడు. ఆ మిట్టు లోపల ఉన్నది అతనేనట. పొట్టివాడని, బరువు మోయగలడని తీసుకున్నారట. లోపల ఎడమ పక్కన పెద్ద బ్యాటరీ డబ్బా కట్టేవారట. నెలల తరబడి దాన్ని మోసి మోసి ఆ భుజం దిగిపోయింది. ఆయన అట్లా ఒరిగి నడిస్తేనే మిట్టు అట్లా నడిచింది. గొంతు వేరేవాళ్ళది, మొహం రేకుది. సినిమా చివర పడే పేర్లలో ఆయన పేరు లేదు. ఊరికి వచ్చి నేనే మిట్టునంటే ఎవరూ నమ్మరు, నవ్వుతారు. అప్పుడు ఒక ఫోటో చూపిస్తాడట. షూటింగు దగ్గర ఫోన్లు రానివ్వరు, ఎవరో దోస్తు దొంగతనంగా తీసిపెట్టిన ఒకే ఒక్క ఫోటో.

"ఎక్కడ బొమ్మలు జూసినా రెండు బుజాలు సమంగనే ఉంటున్నయట. ఆయనకు ఆయన ఏడ దొర్కలేదట. మన తాన దొరికిండు. అందుకే నన్ను అడిగిండు, ఎవల్ని జూసి కట్టినవవ్వా అని. ఎవల్ని జూడలేదు కొడుకా, నాది ఎడమచెయ్యి, బద్దలు పచ్చిగున్నయి, గుంజింది అన్న. ఎంత నవ్విండో. నవ్వి నవ్వి కండ్లు తుడ్సుకున్నడు. గప్పుడే నువ్వొస్తివి."

యశోద అక్కడే గోడకు ఆనుకొని తన ఫోనులో సినిమా పెట్టింది. ఇంతకుముందు వంట చేస్తూ చూసిన సినిమా. ఇప్పుడు నీళ్ళు మోసే చోట ఆపి, వెనక్కి పంపి, మళ్ళీ చూసింది. మిట్టు వస్తోంది. రెండు అడుగులకోసారి ఎడమ భుజం దిగుతోంది, దాన్ని పైకెత్తుకోవడానికి ఒక్క క్షణం ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. పిల్లలు చూసింది ఇదే. మూడు రోజుల నుంచి రోడ్డు దాటుతూ, చెరుకురసం బండి వైపు పోతూ ఇదే నడక ఆమె కళ్ళ ముందే తిరిగింది. ఆ మనిషి ఎందుకు ఒరుగుతున్నాడో అనుకుంది కూడా.

నిజమే అయితే ఎందుకు చెప్పలేదని మొదట అతని మీదే కోపం వచ్చింది. ఎప్పుడు చెప్తాడు, తను నోరు తెరవనిస్తే కదా. అబద్ధమేమో అని ఇంకో అనుమానం తలెత్తింది. అది నిలవలేదు. ఫోటోలో చెమట కారుతున్న మొహం ఆమెకు స్పష్టంగా గుర్తుంది. ఆ ఫోటో చూసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. నగేష్ ఆమె చేతికిచ్చాడే గాని తను చూడలేదు.

ఆ సాయంత్రం ఐలవ్వ, ఆమె కలిసి ఒక ఉత్త చట్రం కట్టారు. ఇప్పుడు బద్దలు బాగా ఆరిపోయాయి. మామూలుగా కడితే భుజం దిగదు. యశోద ఒక కట్ట బద్దలను తీసుకుపోయి నీళ్ళ తొట్టిలో వేసింది. నానిన బద్దను ఐలవ్వ చేతికిస్తే, ఆమె ఎడమచేత్తో మొదటి ముడి వేసి పళ్ళతో బిగించింది. రాత్రికి ఆరనిచ్చారు.

క్రిస్మస్ పొద్దున రోడ్డంతా జనం. ఆరాధన అయిపోయి చర్చి వైపు నుంచి కొత్త బట్టల వాళ్ళు నిండుగా వస్తున్నారు. యశోద మిట్టులను ఇంకా బయటికి తీయలేదు. పరదా కొన చేతిలో పట్టుకొని మొహాలు వెతుకుతోంది. అతను కనబడ్డాడు, అయితే రోడ్డుకు అవతలి అంచున, ఈ దుకాణం దగ్గరికి రాకముందే తల పక్కకు తిప్పుకొని పోతున్నాడు. ఆమె జనాన్ని తోసుకుంటూ వెళ్ళి అడ్డం నిలబడింది. అన్నా, ఒక్కసారి రా అంది. అతను ముందు ఆమె చేతుల వైపు చూశాడు. తరవాత ఆమె వెనక ఎవరున్నారో చూశాడు. అతని అరచెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. మూడు రోజులు ఆమె అతన్ని చూసిన చూపుతోనే ఇప్పుడు అతను ఆమెను చూస్తున్నాడు.

"ఇంకేం ఉన్నదమ్మా తీసేసెటానికి," అన్నాడు.

 దుకాణం ముందు నిలబడ్డ ఐలవ్వ చట్రాన్ని పైకెత్తి చూపింది. అది చూసి అతను రోడ్డు దాటి వచ్చాడు. చేతిలోకి తీసుకున్నాడు. కాగితం లేని ఆ పుల్లల ఒంటికి ఎడమ భుజం ఎంత దిగాలో అంతే దిగింది. అతను దాని బోలు కడుపులోకి చూశాడు, లోపల ఇంకా ఎవరో ఉన్నారేమోనన్నట్టు.

యశోద గొంతు పెంచి, ఈయనే మిట్టు, సినిమాలో మిట్టు లోపల ఉన్నది ఈయనే అంది. దగ్గర నిలబడ్డ పిల్లలు ఆగారు. పిల్లల వెనక పెద్దవాళ్ళు ఆగారు. నగేష్ తన దుకాణంలోంచి వంగి చూసి, నవ్వి, అందరికీ వినపడేలా అన్నాడు.

"గట్లెట్ల నమ్మినవ్ వదినా? నేనే మిట్టునని నేను గూడ అంట. సబూత్ ఏది?"

జనం రుజువు కోసం గిడియోన్ వైపు చూశారు. అతను చట్రాన్ని పట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఈ మాట వచ్చినప్పుడల్లా జేబులోకి పోయిన చెయ్యి ఇప్పుడు జేబు దాకా వెళ్ళి, ఆగి, కిందికి దిగిపోయింది. యశోద అది చూసింది.

ఆలోపు ఒక కాలేజీ అమ్మాయి ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టింది. నగేష్ గబగబా వచ్చి యశోద చెవి దగ్గర తల వంచాడు. గొంతులో వెటకారం పోయింది. నిజమైనా సరే ఊకో అన్నాడు. ఈ వీడియో ఫోన్లలో తిరిగిందంటే అసలు కంపెనీవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు, మిట్టులు ఎక్కడ చేస్తున్నారో నువ్వే చూపించినదానివవుతావు, నీతో పాటు నేనూ పోతా అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. పరదా కింద నెల రోజుల పని ఉంది. వచ్చే ఏడాది వెదురు ఉంది. పరదా కొస మళ్ళీ ఆమె గుప్పిట్లోకి వచ్చింది.

ఆమె పరదాను పైకి లాగి కర్రకు ముడి వేసింది. లోపల పేర్చిన మిట్టులు ఒకటి మీద ఒకటి, అన్నీ ఒకే వైపు ఒరిగి బయటపడ్డాయి.

"సబూత్ ఉండె," అంది యశోద. "నేను జూసిన."

ఆ మాట దగ్గరివాళ్ళకే వినపడింది. వీడియో తీస్తున్న అమ్మాయి, వినపడలేదు అక్కా, మళ్ళీ చెప్పు అంటూ రెండడుగులు దగ్గరికి వచ్చింది. నగేష్ చేత్తో నుదురు పట్టుకొని పక్కకు జరిగాడు. యశోద ఫోను వైపు తిరిగి, పరీక్ష హాల్లో నిలబెట్టి అడిగినట్టు మొదటి నుంచి చెప్పింది.

"ఈయన ఫోన్ల ఒక ఫోటో ఉండె. ప్లాస్టిక్ కుర్సీల మిట్టు కూసోని ఉన్నది. తలకాయ ఒళ్ళె ఉన్నది. పైన ఈయన మొఖం. మెడకు తడి తువాల, జుట్టు నొసటికి అంటుకున్నది, సల్ల తాగుతుండు. వెనకకు ఆకుపచ్చ గుడ్డ. నేను కండ్లార జూసిన. ఈయన ఉండనియ్యుమంటే ఇనకుంట, నేనే తీసేసిన. మల్ల దొర్కకుంట తీసేసిన. నా పేరు యశోద. గీ చర్చి రోడ్డు మీదనే ఉంటం. ఎవలన్న సబూత్ అడిగితె, ఈడికొచ్చి నన్ను అడుగుండ్రి."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ గిడియోన్ తల వంచుకొని ఉన్నాడు. అయిపోయాక చట్రాన్ని మోకాళ్ళకు ఆనించి, టోపీ తీశాడు. ఎండకు చెమట పట్టి జుట్టు నుదుటికి అంటుకొని ఉంది. పిల్లలు అతన్ని చూశారు, పరదా కింది మిట్టులను చూశారు, మళ్ళీ అతన్ని చూశారు. ముందు వరసలోని ఒక పిల్ల ఏమీ అడగకుండా వెళ్ళి అతని ఎడమ పక్కన, దిగిన భుజం కింద, నిలబడింది.